మోటు నూలు హంస

జములమ్మ కూతురు పోయిన పొద్దు ఆ ఇంట్లో జానెడు కొత్త బట్ట లేదు.

ఊరు గద్వాల. వాడ నేతగాళ్ళ వాడ. ఆ వాడలో పసిగుడ్డును మొదటిసారి చుట్టేది కొత్త బట్టలోనే, కాటికి పోయేవాళ్ళను చుట్టేదీ కొత్త బట్టలోనే. ఎంత లేని ఇల్లయినా మగ్గం మీంచి ఒక మూర కోసి ఇచ్చేపాటి కలిమి ఎప్పుడూ ఉండేది. ఆ యేడు అది కూడా లేదు. జములమ్మ పెనిమిటి తిమ్మప్ప అటక మీది బుట్టలన్నీ దించి వెతికాడు. దొరికింది నమూనాకు దాచుకున్న పట్టు కొంగు ముక్క ఒక్కటే. బెత్తెడు వెడల్పు. దాన్ని చేతిలో పట్టుకుని గడపలో నిలబడ్డాడు. ఆ ముక్క ఏ మూలకు సరిపోతుంది? పాలు చాలక వడలిపోయిన బిడ్డే అయినా బెత్తెడు బట్టలో ఒదగదు కదా.

పక్కింటి కుల్సుమ్‌బీ సంగతి గ్రహించింది. ఆమె మొగుడు బాబు మియా నూలుకు రంగులద్దేవాడు. రెండిళ్ళకూ నడుమ మొండిగోడ ఒకటే అడ్డం. కుల్సుమ్‌బీ ఇంట్లోకి పోయి, తన చావు కోసం పెట్టెలో దాచిపెట్టుకున్న తెల్లబట్ట తీసింది. అందులోంచి ఒక ముక్క చించి తెచ్చి జములమ్మ ఒడిలో పెట్టింది.

"నీకోసం దాచుకున్నది గదక్కా" అంది జములమ్మ.

"నాకు ఇంక టైమున్నదిలే బిడ్డా. దానికి లేదు గద" అంది కుల్సుమ్‌బీ.

తిమ్మప్ప ఆ మాట విని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేతగాడి బిడ్డ రంగులద్దేవాళ్ళ ఇంటి కఫన్ ముక్కలో మట్టిలోకి పోయింది. ఆనాటి నుంచి అతను మాటలు తగ్గించాడు.

తిమ్మప్ప అంతకు ముందు ఇలాంటి మనిషి కాదు. నడిగడ్డ సీమలో మూడు నాడెల నేతలో అతనికి పేరుంది. గద్వాల చీర అంటే నడుమ నూలు, అంచులు పట్టు. ఆ రెండూ కలిసేచోట కుట్టు కనిపించకుండా ఒక పోగును ఇంకొక పోగుతో మెలివేసి, గుడి గోపురాల వరుసలాగా కొసలు లేపాలి. దాన్నే కోటకొమ్మ అంటారు. పేక పోగును మోసుకుపోయే నడిమి నాడెను ఒకరు విసరాలి, అంచు నాడె పక్కన కూర్చున్న ఇంకొకరు అందించాలి. తిమ్మప్పకు అట్లా అందించేవాడు తమ్ముడు ఎర్రయ్య. అన్నదమ్ములిద్దరూ కూర్చుంటే, అదే మగ్గం మీద దేవుని పంచెలు నేశారు, దొరసానుల చీరలు నేశారు. కొంగు మీద తిమ్మప్ప నేసే హంస వేలెడంతే ఉండేది. ఈకకు ఈక విడివిడిగా తేలేది. కండెలు చుట్టి ఇచ్చే జములమ్మ ఆ హంసలను చూస్తూనే కాపురంలో ఇన్నేళ్ళు గడిపింది.

యుద్ధం వచ్చింది. ఎక్కడో సముద్రాల అవతల జరిగే యుద్ధం గద్వాల మగ్గాల గుంతల్లోకి దిగుతుందని ఎవరనుకున్నారు? బెంగుళూరు పట్టంతా సర్కారు సిపాయిలు దూకే గాలిగొడుగులకు పోయింది. సూరత్ జరీ ఆగింది. సన్న నూలు కంట్రోలులో పడింది. వాడలో ఒక్కొక్క మగ్గమే నోరు మూసుకుంది. పడుచువాళ్ళు రైలెక్కి షోలాపూర్ మిల్లులకు పోయారు. ఎర్రయ్యా పోయాడు. "నువ్వు గూడ రా అన్నా, గీడ ఏమున్నది?" అని బతిమాలాడు. జములమ్మ అప్పుడు నిండు నెలల మనిషి. తిమ్మప్ప పోలేదు.

బిడ్డ పోయాక అతను పొద్దున్నే లేచి పడుగు లేని మగ్గం గుంతలోకి దిగి కూర్చునేవాడు. కాళ్ళు తొక్కుడు పలకల మీద వాటంతటవే ఆడేవి. పైన పోగు లేదు, చేతిలో నాడె లేదు. కింద పలకలు మాత్రం కిర్రు కిర్రుమనేవి. ఆ చప్పుడు వినలేక జములమ్మ బయటికి నడిచేది. చేలగట్లకు పోయి పుంటికూర తెంపుకొచ్చేది. ఎవరింట్లోనో జొన్నలు విసిరిపెట్టి చాటెడు నూకలు తెచ్చేది. అతని ముందు అంబలి గిన్నె పెట్టి, తాగేదాకా అక్కడే కూర్చునేది. బిడ్డను పోగొట్టుకున్నది తాను కూడానన్న సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి ఎవరున్నారు?

ఒకనాడు మధ్యాహ్నం ఆమె కూరతో వచ్చేసరికి గొడ్డలి చప్పుడు వినబడింది. తిమ్మప్ప నేసిన బట్ట చుట్టుకునే పెద్ద కర్రను మగ్గం నుంచి ఊడదీసి వాకిట్లో వేసి కొడుతున్నాడు. ముత్తాతల నాటి చేవకర్ర అది. గొడ్డలి దిగలేదు, జారి పక్కకు పోయింది. జములమ్మ కూరమూట పారేసి కర్ర మీద పడుకుంది.

"లెవ్వు" అన్నాడు.

"లెవ్వను. కొడితే నన్ను గూడ కొట్టు."

"పొయ్యిల కట్టెకైన పనికొస్తది. బిడ్డకు గుడ్డపేలిక ఇయ్యలేకపాయె, ఇంక దీన్నేం జేసుకుంట?"

ఆ మాట అతను నోరు తెరిచి అనడం అదే మొదలు. జములమ్మ కర్రను వాటేసుకునే ఏడ్చింది. అతను గొడ్డలి కింద పడేసి వాకిట్లో కూలబడ్డాడు. గోడ మీంచి చూస్తున్న బాబు మియా ఇవతలికి దూకి వచ్చి, కర్రను భుజానికెత్తుకుని మళ్ళీ మగ్గంలో బిగించి పోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు షరీఫ్ వచ్చాడు. షరీఫ్ బట్టల వ్యాపారి. గద్వాల చీరలు తీసుకుపోయి హైదరాబాదులో అమ్మేవాడు, వచ్చేటప్పుడు నూలు తెచ్చేవాడు. చీరలు లేక అతని బేరమూ పడుకునే ఉంది. అరుగు మీద కూర్చుని టోపీ తీసి విసురుకున్నాడు.

"తిమ్మప్పా, ఒక కామ్ ఉన్నది. ఓ నవాబు సాబ్ కొత్త దేవిడీ కట్టిచ్చిండు. తలుపులకు, కిటికీలకు పరదాలు గావాలె. విలాయతి పరదాలు లడాయితోని బంద్ అయినయ్. నేనన్న, మా గద్వాల అంచుతోని నేయిచ్చి ఇస్త అని. మోటు నూలు నేను తెస్త. బాబు మియా రంగులద్దుతడు. నీ కోటకొమ్మ, నీ హంస జర పెద్దగ ఏయ్. అంతే."

తిమ్మప్ప అతని ముఖంలోకి చూశాడు. "తలుపు గుడ్డకు కోటకొమ్మనా?"

"ఎందుకు గాదు?"

"దేవుని భుజం మీద ఉండే కొమ్మ సాబూ అది. తలుపుకు ఏలాడేస్తే వచ్చిపోయేటోళ్ళు చేతులు తుడుస్తరు, మూతులు తుడుస్తరు. నాతోని గాదు."

"దేవునికి నేద్దామంటే పట్టు ఏడున్నది? కడుపుకు తిండి లేకపాయె, గీ పంతమేంది?"

"పంతం గాదు. ఇంక నా తాన ఉన్నది గదొక్కటే."

షరీఫ్ టోపీ పెట్టుకుని లేచాడు. జములమ్మ తలుపు చాటు నుంచి విన్నది. అతను పోయాక మొగుడి ముందుకు వచ్చింది.

"పనొచ్చి గడప దొక్కితే ఎల్లగొడ్తివి. రేపు నేను గూడ పోతే ఏ గుడ్డల చుడ్తవు?" అంది. అనకూడని మాట. అన్నాక నాలిక కరుచుకుంది. మర్నాడు తెల్లారకముందే అతను సుత్తె ఒకటి అడిగి తెచ్చుకుని గట్టు ఊరి వైపు నడిచాడు. అక్కడ గుట్టల కింద బాటకు రాళ్ళు కొట్టే పని నడుస్తోంది. పట్టుపోగు పట్టుకునే చేతులు రాళ్ళ మీద పడ్డాయి.

వారానికోసారి ఎవరి చేతనో మూటెడు జొన్నలు పంపేవాడు. తాను మాత్రం వచ్చేవాడు కాదు. వచ్చిన జొన్నలు చూస్తే జములమ్మకు ముద్ద దిగేది కాదు. రాళ్ళపని నుంచి తిరిగివచ్చిన ఒకామె చెప్పింది, "మీ ఆయన చేతులు పుండ్లయినయ్ అమ్మా. గుడ్డ చుట్టుకోమంటే ఇనడు" అని.

ఆ సాయంత్రమే జములమ్మ బాబు మియా ఇంటికి పోయింది.

"అన్నా, షరీఫ్ సాబుకు ఒక మాట చెప్పు. పరదాలు నేను నేస్త."

బాబు మియా బిత్తరపోయాడు. "నువ్వా? నీకు మగ్గమొస్తదా?"

"రాదు. చూస్తి గద ఇన్నేండ్లు. చూసింది ఏడికి పోతది?"

ఆ ఇండ్లల్లో ఆడవాళ్ళు రాట్నం తిప్పేవారు, పడుగు సాగదీసేవారు, గంజి పెట్టేవారు. గుంతలోకి మాత్రం దిగేవారు కాదు. ఆ సంగతి బాబు మియాకూ తెలుసు. అయినా అడ్డం చెప్పలేదు. అతని కాగులూ ఎండిపోయి ఉన్నాయి. జర్మనీ రంగు డబ్బాలు రావడం ఆగి చాలా కాలమైంది. తాతనాటి పద్ధతి గుర్తు చేసుకుని, లింగాల అడవుల నుంచి చెంచువాళ్ళు తెచ్చే కరక్కాయలు, మోదుగుపూలు కొన్నాడు. తుప్పు ఇనుము నానబెట్టి నలుపు తీశాడు. మోదుగుపూలు ఉడికించి పసుపు తీశాడు. షరీఫ్ మొదట నవ్వాడు, తర్వాత ఆలోచించాడు, చివరకు నూలు దించాడు. "ఖరాబ్ చేస్తే మళ్ళ నూలు నేను తేలేను. కంట్రోల్ల ఉన్నది. యాదుంచుకో చెల్లె" అని మరీ చెప్పి పోయాడు.

అంచు నాడె అందించడానికి కుల్సుమ్‌బీ వచ్చి కూర్చుంది. "నాకు నాడె పట్టుడు తెల్వదే" అంది. "నాకు గూడ తెల్వదక్కా, కూసో" అంది జములమ్మ. ఇద్దరూ చాలా కాలానికి ఒక్కసారి నవ్వుకున్నారు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నడుము విరిగేది. పోగులు తెగేవి. జములమ్మ కాలు తప్పుడు పలక మీద పడితే జానెడు నేత వంకర పోయేది. వాడలో ముసలివాళ్ళు గడప ముందు నిలబడి చూసి, నాలుక చప్పరించి పోయేవారు.

కోటకొమ్మ జోలికి మాత్రం ఆమె పోలేదు. అది అతనిది. అంచును నల్లగా, పోగుకు పోగు తిన్నగా కలిపి ఊరుకుంది. హంసను మాత్రం వేయాలి. షరీఫ్ అడిగిందే దాన్ని. ఆ బెత్తెడు నమూనా కొంగు ముక్కను ముందు పెట్టుకుని, పడుగు పోగులను వేళ్ళతో ఎత్తి, పసుపు నూలు కండె దూరుస్తూ హంసను లేపింది. పట్టులో వేలెడుండే హంస మోటు నూలులో మూరెడైంది. ఈకలు ముద్దలు కట్టాయి. ముక్కు మొద్దుబారింది. మెడ మీద కంతి లేచింది. నేస్తున్నప్పుడు దగ్గరగా చూస్తూ ఉంటే ఆమెకు తెలియలేదు. పరదా దించి గోడకు వేలాడదీశాక తెలిసింది. కుల్సుమ్‌బీ పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

షరీఫ్ ఆత్మకూరు సంతకు పోతూ దారిలో ఆగి చూశాడు.

"చెల్లె, నేను నీ కష్టం కొనను, గుడ్డ కొంట. నవాబు సాబ్ దేవిడీల ఇది కట్టినంక, గీ కాకులేంది అని అడిగితే నేనేం జెప్పాలె?"

జములమ్మ పరదాను గోడ మీంచి దించింది.

"సంత జేసుకోని మళ్ళొస్త. అప్పటికి ఏమన్న అయితే అయినట్టు. లేకుంటే ఉన్న నూలు వాపస్ ఇయ్యి."

ఉన్న నూలు ఎక్కడిది? సగానికి పైగా ఆ కాకుల్లోనే పోయింది. జములమ్మ పరదాను మడిచి ముందు పెట్టుకుని కూర్చుంది. తాను చేసిన పని ఏమిటో అప్పుడు ఆమెకు కళ్ళకు కట్టింది. మొగుడిని రాళ్ళ మీదికి తోలింది. బాబు మియా రంగు పోయింది. తెచ్చిన నూలు పాడైంది. వాడలో పరువు పోయింది. ఇంక పోవడానికి ఏముందని అనుకుంది.

ఉంది. ఆ మర్నాడే గట్టు నుంచి ఎడ్లబండి వచ్చి వాకిట్లో ఆగింది. బండిలో తిమ్మప్ప పడుకుని ఉన్నాడు. ముఖానికి తువ్వాల కట్టి ఉంది, దాని మీద నెత్తురు ఎండి నల్లబారింది. తోడు వచ్చిన మనిషి దిగి చెప్పాడు. "పక్కోని సుత్తె దెబ్బకు రాయి పగిలి చిల్ల ఎగిరొచ్చింది తల్లీ. కంట్ల పడ్డది."

అదే బండిలో తీసుకుపోతే, దవాఖానలో డాక్టరు కడిగి, కట్టు కట్టి, ఎడమ కన్ను పోయిందన్నాడు. రెండో కంటికీ రాతిపొడి కొట్టిందనీ, అది నిలిచినా మసకగానే ఉంటుందనీ అన్నాడు. జములమ్మ ఆ మాట విని తల ఊపింది, అర్థమైనట్టు. వరండాలోకి వచ్చి గోడకు చేరగిలబడ్డాక గానీ అర్థం కాలేదు. అక్కడే బండల మీద కూలబడింది.

ఆమె చంకలో మూట ఉంది. తొందరలో ఏది మూట కట్టుకుని వచ్చిందో ఆమెకే తెలియదు. విప్పి చూస్తే కాకుల పరదా. కోపం వచ్చింది. చించేద్దామనుకుంది. చించితే పోగు పోతుంది. అందుకని ఒక కొస పట్టుకుని లాగింది. పసుపు పోగు ఊడి వచ్చింది. ఇంకొకటి లాగింది. అట్లా దవాఖాన వరండాలో కూర్చుని, లోపల మొగుడు మూలుగుతుంటే, తాను నేసిందంతా తానే విప్పడం మొదలుపెట్టింది. విప్పిన పోగును చేతికి చుట్టుకుంది. తెగినచోట ముడి వేసింది. వచ్చేపోయేవాళ్ళు పిచ్చిదనుకున్నారు.

దవాఖాన గోడలకు ఆ రోజుల్లో సున్నం వేస్తున్నారు. బండల మీద చిక్కటి సున్నం చిందిపడి ఉంది. పోగులు లాగి లాగి వేళ్ళు మండుతుంటే, ఆ చల్లటి తడిలో వేలు పెట్టింది. పెట్టిన వేలు ఊరికే ఉండలేదు. బండ మీద ఒక చుక్క పెట్టింది. పక్కన ఇంకొకటి. బిడ్డ పోయిన నాటి నుంచి ఆ ఇంటి ముందు ముగ్గు లేదు. చేతికి ఆ అలవాటు చచ్చిపోయిందనే ఆమె అనుకుంది. చేయి చుక్కలు కలుపుకుంటూ పోయింది. తోక కాడ మొదలై, వీపు మీంచి పాకి, మెడ దగ్గర వంగి, ముక్కు దగ్గర తిరిగి, పొట్ట కిందుగా వచ్చి తోకను కలిసింది. హంస. పెండ్లి కాకముందు నుంచీ వాకిట్లో వేస్తున్న హంస.

దానికి ఈకలు లేవు. కన్ను లేదు. కాళ్ళు లేవు. అయినా చూసినవాళ్ళెవరూ కాకి అనరు. జములమ్మ ఆ గీత వైపు చాలాసేపు చూసింది. మోటు నూలు ఎక్కడ వంగగలదో, ఎక్కడ వంగలేదో అప్పుడు ఆమె చేతికి తెలిసింది. చుక్క ఉన్నచోట పోగు మళ్ళాలి. చుక్క లేనిచోట తిన్నగా పోవాలి. అంతే. పట్టు చేసే పనిని నూలు చేత చేయించబోవడమే తప్పయింది.

అంబలి తెచ్చిన కుల్సుమ్‌బీని జములమ్మ చేయి పట్టుకుని కూర్చోబెట్టి బండ చూపించింది. "అక్కా, గిది ఏంది?"

"హంస గదనే."

జములమ్మ ఆమె భుజం మీద తల పెట్టి, బిడ్డ పోయిన నాటి నుంచి లోపల గడ్డకట్టి ఉన్నదంతా ఏడ్చేసింది.

తిమ్మప్పను ఇంటికి తెచ్చి మగ్గం ఉన్న గదిలోనే నులకమంచం వేశారు. ఉన్నది ఒకటే గది. కళ్ళకు కట్టు ఉంది. మగ్గంలో ఎవరో కూర్చున్నట్టు చప్పుడుతోనే కనిపెట్టాడు. ఎవరని అడగలేదు. జములమ్మా చెప్పలేదు. విప్పిన నూలునే మళ్ళీ నేసింది. ముళ్ళు వచ్చినచోట వెనక్కి తోసింది. అతని మౌనం ఆమెకు వీపు మీద బండలా ఉండేది. తిడితే బాగుండునని దినమంతా అనుకునేది. అతను తిండి పెడితే తినేవాడు, లేకపోతే లేదు. ఒక పగలు అతను మంచం కోడు తడుముకుంటూ లేచి వాకిలి దాటి బావి వైపు పోతుంటే, బాబు మియా పరుగెత్తి చేయి పట్టుకుని తెచ్చాడు. నీళ్ళు తాగడానికి పోతున్నానన్నాడు తిమ్మప్ప. ఎవరూ నమ్మలేదు, ఎవరూ అడగలేదు. ఆనాటి నుంచి జములమ్మ కళ్ళు సగం నేత మీద, సగం మంచం మీద ఉండేవి.

ఒకనాడు పొద్దెక్కాక ఆమె పోగులను దగ్గరకు చేర్చే పన్నెను గట్టిగా కొడుతూ ఉంటే మంచం మీంచి గొంతు వినబడింది.

"గట్ల గుద్దకు. మోటు నూలు. మెత్తగ కొట్టు, లేకుంటే పరదా అట్ట లెక్క నిలబడ్తది."

జములమ్మ చేయి ఆగింది. కుల్సుమ్‌బీ నాడె పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. జములమ్మ మెల్లగా కొట్టింది.

"ఇంకా మెత్తగ" అన్నాడు.

కొట్టింది. మధ్యాహ్నం అంబలి తాగి గిన్నె కింద పెడుతూ అడిగాడు. "కొమ్మ పెట్టినవా?"

"లేదు. అది నీది. దేవునిది. నేను ముట్టలే."

"మరేం పెట్టినవు?"

ఆమె అతని చేయి పట్టుకుని మగ్గం మీది బట్ట మీద పెట్టింది. రాళ్ళపనిలో కాయలు కాసి పగిలిన వేళ్ళు అంచు మీద నడిచాయి, పసుపు పోగుల మీదికి వచ్చాయి, తోక దగ్గర ఆగాయి. వీపు, మెడ, ముక్కు. మళ్ళీ మొదటికి వచ్చాయి.

"వాకిట్ల ఏసే ముగ్గు గదా ఇది" అన్నాడు.

"అవును."

అతను చేయి తీయలేదు. ముఖం అటు తిప్పుకున్నాడు. కట్టు కింద నుంచి నీళ్ళు కారాయి. బాగుందని అనలేదు. "మెడకాడ పోగు ఒకటి ఎక్కువ పడ్డది. తీసెయ్" అన్నాడు. ఆమె చూసింది. నిజమే. తీసేసింది.

షరీఫ్ చెప్పిన గడువుకు రాలేదు. సంతలో జ్వరం తగిలి ఆత్మకూరులోనే పడిపోయాడట. ఆ ఆలస్యమే వాళ్ళను బతికించింది. కుల్సుమ్‌బీకి నడుము పట్టేసి లేవలేకపోయిన రోజు జములమ్మ ఒంటరిగా మగ్గంలో కూర్చుంది. అంచు నాడె ఎవరందించాలో తెలియక చూస్తూ ఉంటే, తిమ్మప్ప గోడ పట్టుకుని వచ్చి పక్కన దిగాడు. చేయి చాచాడు. తమ్ముడు కూర్చునే చోట అతను కూర్చున్నాడు, అతని చోట ఆమె ఉంది. కుడి కంట్లో మసక వెలుతురు తప్ప ఏమీ లేదు. ఆ పనికి కన్ను కూడా అక్కర్లేదు, చెవి చాలు.

జ్వరం తగ్గి షరీఫ్ వచ్చే వేళకు పరదాలు అయ్యాయి. బాగున్నాయని అనలేదు, "ఇవి నడుస్తయ్" అని తీసుకుపోయాడు. ఆ తర్వాత దుప్పట్లకు అడిగాడు, బల్ల మీద పరిచే గుడ్డలకు అడిగాడు, దిండు గలేబులకు అడిగాడు. ఒక్కోసారి నూలు దొరికేది కాదు. అప్పుడు మళ్ళీ పుంటికూర, మళ్ళీ జొన్ననూకలు. ఒక వానకాలమంతా మగ్గం ఊరికే ఉంది. జములమ్మకు మళ్ళీ కడుపు పండలేదు. ఆకలి తగ్గింది గానీ పోలేదు. వాడలో వాళ్ళను "పరదాలోళ్ళు" అనడం మొదలైంది. ఎవరింట్లోనైనా పెండ్లి చీర ఊసు వస్తే, తిమ్మప్ప ఉన్నచోట గొంతు తగ్గించేవారు. అతనికి అంతా వినబడేది.

యుద్ధం ఆగింది. కొన్నాళ్ళకు పట్టు మళ్ళీ గద్వాలకు దిగడం మొదలైంది. షోలాపూర్ పోయినవాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు. ఎర్రయ్య వచ్చాడు, చెంపలు లోపలికి పోయి, దగ్గుతూ. వస్తూ వస్తూ అన్న కోసం పట్టుపోగుల కట్ట, చిలప ఒకటి తెచ్చాడు. వదినకు మొక్కాడు, అన్న కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు.

"అన్నా, మనం మళ్ళ మగ్గం మీద చీర పెడ్దాం. చూసే పని నేను చూస్త. నువ్వు కూసో, చెప్పు. కొమ్మ నువ్వు చెప్తే నేనేస్త."

తిమ్మప్ప ముఖం వెలిగింది. ఇన్నేళ్ళలో జములమ్మ ఆ వెలుగు చూడలేదు. "ఏదీ, ఇటియ్యి" అని రెండు చేతులూ చాచాడు. ఎర్రయ్య చిలప విప్పి ఒక పోగు తీసి అన్న వేళ్ళ మధ్య పెట్టాడు.

తిమ్మప్ప బొటనవేలితో పోగును నిమిరాడు. రాళ్ళపనిలో పగిలి మళ్ళీ మానిన చర్మం గరుకుగా, రంపంలా ఉంది. పోగు దానికి పట్టుకుంది. మెల్లగా విడిపించబోయాడు. నార లేచి తెగిపోయింది. ఎర్రయ్య ఇంకొక పోగు పెట్టాడు. అదీ పట్టుకుంది. తిమ్మప్ప వేళ్ళకు ఆముదం రాయమన్నాడు. జములమ్మ తెచ్చి రాసింది, బాగా రుద్దింది, తుడిచింది. మూడోసారి కూడా పట్టు తెగింది. తెగిన కొసలు అతని అరచేతిలో వెంట్రుకల్లా మెరుస్తూ ఉన్నాయి. అతనికి కనబడవు. తెగినట్టు మాత్రం తెలుస్తుంది.

"ఎర్రయ్యా, నువ్వు నేయి" అన్నాడు తిమ్మప్ప. "వాడల ఎవల్నన్న తోడు పెట్టుకో. కొమ్మ ఎట్ల లేపాలెనో కూసోని చెప్త. పోగు మాత్రం నాకియ్యకు. దాన్ని ఖరాబ్ చేస్త."

"అన్నా, కొన్నాళ్ళకు చేతులు మెత్తబడ్తయ్..."

"పడయ్ రా" అన్నాడు. కోపంగా కాదు, ఎవరి సంగతో చెబుతున్నట్టు. చిలపను తడిమి, మడతలు సరిచేసి తమ్ముడి చేతిలో పెట్టాడు. ఎర్రయ్య దాన్ని రొమ్ముకు హత్తుకుని, తలుపు దాటి, అవతలి ఇంటి వైపు పోయాడు. అతని దగ్గు సందు చివరిదాకా వినబడింది.

తిమ్మప్ప అట్లాగే కూర్చున్నాడు. జములమ్మ నూనె గిన్నె కింద పెట్టి, అతని అరచేతిలోని పట్టు కొసలను ఒక్కొక్కటే ఏరి తీసింది. అతను తీయనిచ్చాడు. అన్నీ అయిపోయాక లేచి, గోడ పట్టుకుని, మగ్గం గుంతలో అంచు నాడె అందించే తన చోటుకు దిగాడు. దుప్పటి పడుగు ఇంకా సగం మిగిలి ఉంది.

"నాడె ఇయ్యవే, నిలబడ్డవేంది?" అన్నాడు.